పురిటింటి కావలి

రోజు 1

బిడ్డ పుట్టిన పూటే బంటు మంత్రసాని చెవి కొరికేసింది.

బంటు మా ఇంటి కావలి జంతువు. కావలి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ దినచర్య రాసి, ఊరి గోడని కాపలా కాసే గోడ ఆఫీసుకి అప్పజెప్పాలి కాబట్టి రాస్తున్నాను. అది ఏం తింది, ఎవరిని కరిచింది, వాళ్లకి కావలసింది అంతవరకే. పురిటి మంచం మీద నాకు వేరే పనేమీ లేదు కాబట్టి మరికాస్త రాస్తాను. చదివేవాళ్లకి విసుగు పుడితే అది వాళ్ల ఖర్మ.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని, ఆఖరికి గొంతు చించుకుని అరిచాను. బంటు అప్పుడు పెరట్లో ఉంది. కావళ్లని పుట్టించే తొట్టిలో ఉన్నప్పుడే నా చెమట గుడ్డ దాని ముక్కు దగ్గర పెట్టి పెంచారు. నాకు నొప్పి పుట్టినా, భయం వేసినా గోడ అవతల నుంచే దానికి వాసన తెలిసిపోతుంది. దూడంత ఎత్తు ఉంటుంది, ఒంటి మీద ఒక్క వెంట్రుక ఉండదు, దవడ బిగించిందంటే నేను "వదులు" అనేదాకా వదలదు. అలాంటిది, నేను అంతలా అరుస్తుంటే ఊరుకుంటుందా? తలుపు చెక్కలు చీల్చుకుని లోపలికి వచ్చింది. నా కాళ్ల దగ్గర కూర్చున్న మంత్రసాని ఆదిలక్ష్మిని చూసింది. నన్ను చంపుతున్నది ఆవిడే అనుకుంది.

నేను "వదులు" అనేలోపే చెవి ఊడి వచ్చింది. ఆదిలక్ష్మి గట్టి పిండం. ఒక చేత్తో చెవి దగ్గర గుడ్డ నొక్కిపెట్టుకుని, ఇంకో చేత్తో నా కొడుకుని బయటికి తీసింది. "ఇంకో చెవి ఉంది కాబట్టి బతికిపోయేవే" అని నన్ను తిట్టి మరీ వెళ్లింది.

నా మొగుడు సూరిబాబు బంటు మెడకి గొలుసు వేసి పెరట్లో గుంజకి కట్టేశాడు. ఇంట్లోకి కొత్త మనిషి ఎవరొచ్చినా కావలికి వెంటనే చూపించాలని రూలు. బిడ్డని ఇప్పుడే చూపించేద్దామని అతనన్నాడు. మా అమ్మ నూకాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మతి పోనాదేటి బాబూ నీకు? పురుడు కడక్కండా పసిగుడ్డుని ఆ జంతువు మూతి దగ్గర పెడతావా? పదకొండో రోజు తానం అయినాక సూపించుకోండి. అంతవరకు ఈడు నా ఒళ్లోంచి కదలడు."

సూరిబాబు నా వైపు చూశాడు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. అమ్మ చెప్పినట్టే కానివ్వమన్నాను.

రోజు 3

పాలివ్వడం ఇంత నరకమని నాకు ఎవరూ చెప్పలేదు. వీడికి పళ్లు లేవు గానీ చిగుళ్లతోనే పీకి పెడుతున్నాడు. రొమ్ములు రెండూ పగిలి నెత్తురు వస్తోంది. వాడు నోరు పెట్టినప్పుడల్లా పంటి బిగువున ఓర్చుకుంటున్నాను. నేను ఓర్చుకున్నా బంటు ఓర్చుకోదు. తలని గోడకేసి బాదుతుంది. వంటింట్లో గిన్నెలు దొర్లి కింద పడుతున్నాయి. నేను నోరు ఎంత నొక్కుకుని ఏం లాభం, నొప్పి వాసనని నొక్కిపెట్టలేను కదా.

అమ్మ మాత్రం మహా హుషారుగా ఉంది. కాళ్లు చాపుకుని వాణ్ణి బోర్లా పడుకోబెట్టుకుంటుంది. నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, వేడి వేడి నీళ్లు పోస్తుంది. వాడు ఎర్రగా కందిపోయి ఏడుస్తుంటే "ఏడు నాయనా ఏడు, గుండెకి మంచిది" అంటుంది. ఆ తర్వాత ఇల్లంతా సాంబ్రాణి పొగ. మా నీటిపెట్టె రోజంతా గాలి పీల్చి పీల్చి ఇచ్చే నీళ్లన్నీ వాడి స్నానానికీ, వాడి గుడ్డలకీ సరిపోతున్నాయి. నేను తల రుద్దుకుని ఎన్నాళ్లయిందో.

సాయంత్రం బంటు గొలుసు సాగదీసి దండెం మీది బట్టలు చీల్చింది. నా చీరలూ, సూరిబాబు చొక్కాలూ అదే దండెం మీద ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. పిల్లాడి గుడ్డలు ఒక్కటి మిగల్చలేదు. గాలికి చిరిగాయని అమ్మ అంది. గాలికి పళ్ల గాట్లు పడతాయా అని అడిగితే మాట మార్చింది.

రోజు 5

మా మేకపిల్ల నాలుగు వారాలది. రోజూ బంటు పొట్టకి ఆనుకునే పడుకునేది. ఇవాళ పొద్దున్న తల్లి కోసం సన్నగా అరిచింది. ఆ అరుపు అచ్చం పసిపిల్ల ఏడుపులా ఉంది. మంచం మీద ఉన్న నేనే మావాడనుకుని ఉలిక్కిపడి లేచాను. నేను లేచి పెరట్లోకి వెళ్లి "వదులు" అనేసరికి మేకపిల్ల రెండు ముక్కలై ఉంది. బంటు మూతి నాకుకుంటూ నా దగ్గరికి వచ్చి, మెప్పు కోసం తల వంచింది. 

సూరిబాబు వెళ్లి జమాల్ గారిని పిలుచుకొచ్చాడు. ఆయన కావళ్ల డాక్టరు. బంటుని తొట్టిలో పెంచింది ఆయనే. దాని పక్కన గొంతుక్కూర్చుని, దవడలు నొక్కి చూసి, నా వైపు తిరిగాడు.

"దీని తప్పేం లేదు చెల్లెమ్మా. నువ్వు గదిలోకి వెళ్లావు. చచ్చేలా అరిచావు. నెత్తురు కారింది. అప్పట్నుంచీ ఆ గదిలో ఎవడో కొత్తోడు మకాం వేశాడు. వాడు ముట్టుకున్నప్పుడల్లా నీకు నొప్పి. నువ్వే దీని జాగాలో ఉంటే ఏమనుకుంటావు?"

 ఈ ఐదు రోజుల్లో ఆ మాట నేనూ అనుకున్నానని ఆయనకి చెప్పలేదు.

"పుట్టగానే చూపించి ఉంటే గొడవే లేదు," అన్నాడాయన. "వాడి ఒంటి నిండా అప్పుడు నీ వాసనే. ఇప్పుడు రోజూ నలుగు పెట్టి తోముతున్నారంట కదా. సున్నిపిండి, సాంబ్రాణి తప్ప వాడి ఒంటి మీద ఇంకేం మిగిలింది?"

అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ పట్టు వదల్లేదు. పదకొండో రోజు దాకా కుదరదంది.

"అప్పుడైనా ఒకటే మాట. వాణ్ణి చూపించేటప్పుడు నీకు భయం ఉండకూడదు. రవ్వంత భయపడ్డావో, నీ చేతుల్లోంచే లాక్కుపోతుంది," అన్నారు జమాల్ గారు.

"కోపం వస్తే?" అని అడిగాను. నా దగ్గర అది బోలెడంత ఉంది.

ఆయన నవ్వాడు. "కోపానికేం ఫరవాలేదు. నీకు కోపం వస్తే అది నీ పక్కన నిలబడుతుంది. నీకు భయమేస్తే అవతలివాడి పీక పట్టుకుంటుంది."

గోడ డ్యూటీలో ఇచ్చే తుపాకీ తెచ్చి కాల్చిపారేద్దామని సూరిబాబు అన్నాడు. కాల్చాక ఏం చేస్తావని జమాల్ గారు అడిగారు. మాది గోడ పక్క వరస. మిట్టమధ్యాహ్నం ఎండకి జనం బయట అడుగు పెట్టలేని వేళ, తడి తోళ్లు కప్పుకుని ఎండదొంగలు గోడ దూకుతారు. మొన్న మా వరసలో చివరింటి కావలి జబ్బు చేసి చచ్చింది. ఆ వారంలోనే దొంగలు నీటిపెట్టె కోసం ఆ ఇంట్లో ముగ్గురి గొంతులూ కోశారు. సూరిబాబు బంటుకి రెండో గొలుసు వేశాడు.

రోజు 8

 ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

సూరిబాబు గోడ డ్యూటీలో ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం. పిల్లాడికి పాలిచ్చి అమ్మ ఒళ్లో పెట్టాను. పైకప్పు మీద అడుగుల చప్పుడు వినపడింది. ఒకటి కాదు, రెండు కాదు. అమ్మ నా మొహంలోకి చూసింది. వంటింటి కిటికీ ఊచలు ఒక్క దెబ్బకి ఊడిపడ్డాయి.

నేను పెరట్లోకి పరిగెత్తాను. నేల పెనంలా కాలుతోంది. మొదటి గొలుసు కొక్కెం ఊడదీసి రెండోది తీస్తుంటే కప్పు మీది నుంచి ఒకడు నా వెనక దూకాడు. వాడి కత్తి నా తొడ మీద జానెడు మేర కోసింది. నేను పడిపోయాను. కానీ కొక్కెం ఊడింది.

బంటు వాడి మొహం పట్టుకుంది. నేను "వదులు" అనేసరికి అక్కడ మొహం లేదు. వాడు చేతులు ఆడిస్తూ నడవబోయి గోడకి గుద్దుకుని కూలబడ్డాడు. రెండోవాడు అప్పటికే వంటింట్లో నీటిపెట్టె పీకుతున్నాడు. బంటు వాణ్ణి పొట్ట దగ్గర అందుకుని, నేను మళ్లీ "వదులు" అనేదాకా అటూ ఇటూ విదిలించింది. గోడల మీద, పిండి డబ్బాల మీద, పిల్లాడి కోసం కాచిపెట్టిన నీళ్లలో, అంతటా నెత్తురే. మూడోవాడు భయపడి మళ్లీ కప్పు ఎక్కబోయాడు. బంటు వాడి కాలు పట్టి కిందికి లాగింది. వాడు నన్ను చూసి దండం పెట్టాడు. "అమ్మా, వదలమను అమ్మా" అన్నాడు. ఆ మాట వాడికీ తెలుసు. నేను అనలేదు. అనాలనిపించలేదు.

వాడి అరుపులకి పిల్లాడు లేచి ఏడుపు అందుకున్నాడు.

బంటు తల ఎత్తింది. నోట్లో ఉన్నది వదిలేసింది. నేను చెప్పకుండా అది దవడ తెరవడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ దానికి అందని అసలు శత్రువు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాడు. గది వైపు నడిచింది. నేను కుంటుకుంటూ దాని ముందు పడి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. తొడ నుంచి నెత్తురు పాదం మీదికి కారుతోంది. వెనక అమ్మ, అమ్మ చేతుల్లో వాడు. భయపడకూడదని జమాల్ గారు చెప్పింది గుర్తుంది, అయినా భయం ఆగడం లేదు. ఆ భయం వాసన వస్తున్నకొద్దీ బంటు గుర్రుమనడం ఎక్కువవుతోంది. అయిపోయింది, నా కొడుకుని నా కళ్ల ముందే ముక్కలు చేస్తుందనుకున్నాను.

అప్పుడు అమ్మ వెనక నుంచి ఏడుస్తూ, "నాను ముందే సెప్పేను, ఆ జంతువుని ఇంట్లో ఉంచకండని" అంది.

ఎప్పుడు చెప్పింది? ఏ రోజు చెప్పింది? పురుడు కడగాలి, మైల పోవాలి అని ఇంతవరకు తెచ్చింది ఎవరు? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపంలో భయం ఎటు పోయిందో తెలియదు. అమ్మ చేతుల్లోంచి వాణ్ణి లాక్కున్నాను. గుడ్డలు చింపి పారేశాను. పాలు పిండి వాడి తల మీద, మొహం మీద రాశాను. తొడ మీది నెత్తురు చేత్తో తీసి వాడి పొట్టకి, కాళ్లకి పూశాను. వాణ్ణి రెండు చేతులతో పట్టుకుని బంటు మూతికి ఆనించాను.

"చూడు! కళ్లు పెట్టుకుని చూడు! నన్ను చీల్చుకుని పుట్టాడు వీడు. నా నెత్తురు తాగుతున్నాడు, తాగనీ! నీకెందుకే? నీకెవరు చెప్పారు? వీడి మీద పన్ను పడిందో, నీ దవడ నా చేత్తో చీరేస్తాను!"

పెద్దగొంతుతో అరిచాను. వీధి చివరిదాకా వినపడిందట. బంటు ముక్కు వాడి తల మీద ఆడింది. పొట్ట మీద ఆడింది. చాలాసేపు వాసన చూసింది. తర్వాత మనుషుల నెత్తురు అంటిన ఆ నాలుకతోనే వాణ్ణి పాదాల నుంచి తలదాకా ఒక్కసారి నాకింది. వాడు ఏడుపు ఆపాడు.

అమ్మ ఉన్నచోటే చతికిలబడింది. మైల సంగతి ఎత్తలేదు.

రోజు 11

పురుడు వెళ్లింది. నాకూ వాడికీ స్నానాలయ్యాయి. వంటిల్లు మూడుసార్లు కడిగి సున్నం వేశాం. గోడ ఆఫీసు వాళ్లు శవాలు తీసుకుపోయారు. ముగ్గురికి నాలుగు మూటలయ్యాయి.

బంటు ఇప్పుడు ఉయ్యాల కిందే పడుకుంటోంది. దొంగలు పడ్డ రాత్రే ఆదిలక్ష్మి నా తొడకి కుట్లు వేయడానికి వచ్చి, గుమ్మంలోంచి దాన్ని చూసి, కుట్లు వీధి అరుగు మీదే వేస్తానంది. వేసింది కూడా.

జమాల్ గారు వచ్చి అరగంట కూర్చున్నారు. పిల్లాడి బుగ్గ గిల్లబోతే బంటు పళ్లు చూపించింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని తల ఆడించారు.

"చెల్లెమ్మా, దీనికి యజమాని ఒక్కరే ఉంటారు. నిన్ను వదిలేసి వాణ్ణి పట్టుకుంది. ఇకమీదట నీ మాట వింటే వింటుంది, లేకపోతే లేదు."

"పోనీండి, నాకు అంతే చాలు," అన్నాను. అప్పుడు నిజంగానే అంతే చాలనిపించింది.

రోజు 17

మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా ఏడుస్తున్నాడు. పాలిచ్చినా ఏడుపే, భుజాన వేసుకున్నా ఏడుపే. వాము నీళ్లు పట్టించాం, పొట్టకి ఆముదం రాశాం. అన్ని కిటికీలూ మూసిన ఇంట్లో ఆ ఏడుపు పోవడానికి చోటు లేక నా తలలోనే తిరుగుతోంది.

అమ్మ స్నానం పోసేటప్పుడు నీళ్లు కాస్త వేడయ్యాయని బంటు ఆవిడ కొంగు పట్టుకుని లాగింది. అప్పట్నుంచి అమ్మ చెంబు పట్టుకుని ముందు దాన్ని అడుగుతోంది. "బాబూ బంటూ, పొయ్యనా? సల్లగానే ఉన్నాయి, సూడు." ఇంకెప్పుడైనా అయితే కడుపుబ్బ నవ్వేదాన్ని.

సూరిబాబు వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, మళ్లీ గోడ మీదికి పోతాడు. "పిల్లలన్నాక ఏడవరేటి?" అన్నాడు ఇవాళ. చేతిలో గరిటె ఉంది. మొహాన విసిరికొట్టాను. నుదురు చిట్లింది. అతను కట్టు కట్టుకుని డ్యూటీకి వెళ్లాడు.

నాకు ఇంకా పాలిచ్చినప్పుడల్లా ప్రాణం పోతోంది. ఒకప్పుడు నా వేలికి ముల్లు గుచ్చుకుంటే ఇల్లంతా గాలించే బంటు ఇప్పుడు తల కూడా ఎత్తడం లేదు. దాని మీద అసూయగా ఉంది. ఎవరి మీద అసూయో సరిగ్గా నాకే తెలియడం లేదు. అందరూ వాణ్ణే చూస్తున్నారు. నన్ను చూసేవాళ్లు లేరు.

రోజు 20

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతాయి.

నిన్న మధ్యాహ్నం అమ్మ సొమ్మసిల్లి నిద్రపోతోంది. వాడు ఏడుస్తున్నాడు. ఎత్తుకున్నాను, ఊరుకోలేదు. పాలిచ్చాను, కొరికి వదిలేసి మళ్లీ ఏడ్చాడు. దించాను, మళ్లీ ఎత్తుకున్నాను. నోరు మూయమని మెల్లగా చెప్పాను. గట్టిగా చెప్పాను. ఎనిమిదో రోజున బంటు ముందు నిలబడినప్పుడు వచ్చిన కోపమే మళ్లీ వచ్చింది. ఈసారి ఎదురుగా వాడు తప్ప ఎవరూ లేరు. రెండు చంకల కింద పట్టుకుని వాణ్ణి పైకెత్తి ఊపాను. తల వెనక్కి, ముందుకి పడింది. ఇంకోసారి ఊపబోయాను.

బంటు నా కుడి మోచెయ్యి పట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు ముందు విన్నాను, నొప్పి తర్వాత తెలిసింది. పిల్లాడు పరుపు మీద పడ్డాడు. "వదులు" అన్నాను. వదల్లేదు. పదిసార్లు అరిచాను. వాడు ఏడుస్తున్నంతసేపూ అది నన్ను పట్టుకునే ఉంది. నా నెత్తురు దాని గడ్డం మీద నుంచి చాప మీదికి కారుతూ ఉంది. అమ్మ లేచి వచ్చి వాణ్ణి ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. వాడు వెక్కి వెక్కి ఊరుకున్నాక అప్పుడు దవడ తెరిచింది.

ఆదిలక్ష్మి వచ్చి పిల్లాడి మెడ, కళ్లు, మాడు తడిమి చూసింది. వాడికేం కాలేదంది. నా చేతికి బద్దలు కట్టింది. ఇది మళ్లీ సూటిగా చాచుకునే చెయ్యి కాదని కూడా చెప్పింది.

ఇవాళ పొద్దున్న సూరిబాబు గొడ్డలి నూరాడు. రేపు బారసాల. పేరు పెట్టే నాటికి ఆ జంతువు ఇంట్లో ఉండటానికి వీల్లేదన్నాడు. అమ్మ కూడా అదే మాట. నేను లేచి వెళ్లి ఉయ్యాలకి అడ్డంగా కూర్చున్నాను.

"దీన్ని చంపేస్తే వీణ్ణి ఎవరు కాస్తారు?" అన్నాను.

"నాను లేనేటి? ఏ దొంగ వస్తాడో రానీ!"

"దొంగల నుంచి కాదు మావా. నా నుంచి."

అతనికి అర్థం కాలేదు. బంటుకి పిచ్చెక్కి నన్ను కరిచిందనే ఇద్దరూ అనుకుంటున్నారు. ఊపానని చెప్పాను. ఎలా ఊపానో చెప్పాను. అది పట్టుకోకపోతే రెండోసారీ, మూడోసారీ ఊపేదాన్నని చెప్పాను. వాడంటే ప్రాణమని, అయినా ఆ క్షణంలో వాడు చచ్చిపోయినా సరే, ఏడుపు ఆగితే చాలనిపించిందని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సూరిబాబు గొడ్డలి గోడకి ఆనించేశాడు. అమ్మ ఎదురుగా కూర్చుని నా తలలో చిక్కు తీయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం అయింది. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. సూరిబాబు గోడ డ్యూటీకి వెళ్లలేదు. నేను కదిలేలోపు అతనే లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్లాడు. బంటు అతని చేతులు వాసన చూసి పక్కకి జరిగింది. అతను వాణ్ణి భుజాన వేసుకుని ఆ మూల నుంచి ఈ మూలకి నడవసాగాడు. నేను గోడ వైపు తిరిగి పడుకుని, కరువుతీరా ఏడ్చాను. నా ఏడుపు వాసనకి బంటు ఒకసారి తల తిప్పి చూసింది గానీ, వాణ్ణి వదిలి నా దగ్గరికి రాలేదు. రాకపోవడమే మంచిదనిపించింది.